గెలిచే పందెంలో సైకిలు దిగి మొక్కిన వైనం

పందెంలో అందరికన్నా ముందున్న మనిషి, గెలుపుగీత కనుచూపు మేరలో ఉండగా, పంక్చరు పడకుండా, చైను తెగకుండా, తనంతట తానుగా సైకిలు దిగి పక్కన నిలబడ్డాడంటే మీరు నమ్ముతారా? నమ్మరు. నేనూ నమ్మేవాణ్ణి కాదు. కానీ ఆ మహానుభావుడు నేనే కాబట్టి నమ్మక తప్పడం లేదు. నవ్వదలచుకున్నవాళ్ళు ఇప్పటి నుంచే మొదలుపెట్టండి, చివరికి టైము చాలదు.

తొంభైల మధ్యలో మాట. బెంగళూరులో హూడి దగ్గర ఒక చిన్న వర్క్‌షాపులో లేతు మెషీను మీద పనిచేసేవాణ్ణి. రోజూ రానూ పోనూ సైకిలే కాబట్టి కాళ్ళలో బలం దండిగా ఉండేది. ఆ బలం తలలో కూడా కాస్త ఉండి ఉంటే ఈ కథే లేదు. మా అమ్మ తమ్ముడు గంగులప్ప మామకు హొసకోటెలో టమోటా మండీ. ఆయన కూతురు సుజాతను నాకిచ్చి చేయాలని చిన్నప్పటి నుంచీ అనుకుంటున్నారు. నాకు ఆమె అంటే ప్రాణం. నేనంటే ఆమెకు నవ్వు. అది మంచి శకునమేనని నన్ను నేను ఓదార్చుకునేవాణ్ణి.

ఇంతలో ఒక ఘోరం జరిగింది. మా వైపు పెద్దవాళ్ళు ఎదురైతే చిన్నవాళ్ళు సైకిలు దిగాలి. నమస్కారం పెట్టి, క్షేమం అడిగి, వాళ్ళు "పోయిరా అప్పా" అన్నాకే మళ్ళీ ఎక్కాలి. ఒకరోజు హొసకోటె సంతలో మామ ఎదురొస్తే నేను ఎటో చూస్తూ గంట కొట్టుకుంటూ వెళ్ళిపోయాను. ఆ గంట కొట్టిందే ఆయన తప్పుకోవడానికట. సాయంత్రానికల్లా వార్త మా ఇంటికి చేరింది.

"మీ మామకు శానా బేజారయ్యుండాది. మర్యాదె తెలీనోనికి పిల్లనియ్యనంటుండాడు," అంది అమ్మ.

"నేను చూళ్ళేదమ్మా!"

"కండ్లు యాడ పెట్టుకోని తొక్కుతుంటివి?"

సంత పక్కనే మామ ఇంటి మిద్దె మీద సుజాత బట్టలు ఆరవేస్తోందని అమ్మకు ఎలా చెప్పను?

అప్పుడు తగిలింది ఈ పందెం. ఏదో యువజన సంఘంవాళ్ళు కృష్ణరాజపురం నుంచి హొసకోటె దాకా పాత మద్రాసు రోడ్డు మీద గేర్లు లేని మామూలు సైకిళ్ళకు పోటీ పెట్టారు. మామ ఊళ్ళో, మామ కళ్ళముందు గెలిస్తే ఆయన మనసు కరగదా? పేరిచ్చేశాను. అమ్మ వెళ్ళి మామను బతిమాలి వచ్చింది.

"ఆదివారం వచ్చి చూస్తానన్యాడు. సుజాతనూ పిల్చుకోనొస్తాడంట. గెలిస్తే గెల్చు, ల్యాకుంటే పో. ఆయప్ప యాడ కనబడినా దిగేది మాత్రం మరిస్తివా, ఈ సమ్మంధం ఇంతే!"

సైకిలు షాపు మంజు నా ప్రాణమిత్రుడు, ఆ వారం నాకు గురువు కూడా. బరువు తగ్గించాలని నా సైకిలుకు స్టాండు, క్యారియరు, మడ్‌గార్డులు, గంట అన్నీ పీకేశాడు. బోడి చేసిన కోడిలా మిగిలింది పాపం. "ఇంక గాలే నువ్వు!" అన్నాడు. పందెం రోజు మోపెడ్ మీద నా వెనకే అరుస్తూ వచ్చాడు.

నిజం చెప్పాలి, ఆ రోజు నేను అద్భుతంగా తొక్కాను. లారీల పొగ మింగాను, గుంతలు దూకాను, ఒక్కొక్కరినీ దాటుకుంటూ పోయాను. హొసకోటె చెరువు దగ్గరికి వచ్చేసరికి నా ముందు ఎవరూ లేరు. కాస్త వెనక ఒక పాలాయన మాత్రం, క్యాన్లు లేని సైకిలు ఇంత తేలికా అని ఆశ్చర్యపోతున్నట్టు తొక్కుతున్నాడు. దూరంగా రంగు కాగితాల తోరణం కనిపించింది. "అదే గీత! తొక్కురా రమణా!" అని మంజు గొంతు చించుకున్నాడు.

సరిగ్గా అప్పుడు రోడ్డు పక్కన మామ కనిపించాడు. తెల్ల పంచె, ఎర్రంచు టవలు, చంకలో గొడుగు, బుగ్గల దాకా మీసం.

ఆలోచించడానికి సమయం ఎక్కడిది? అమ్మ మాట చెవిలో మోగింది, కాలు తనకు తానే సీటు దాటింది. బ్రేకు కిర్రుమంది. దిగాను. రెండు చేతులూ జోడించాను. జోడిస్తే సైకిలును ఎవరు పట్టుకుంటారు? స్టాండు లేదుగా! అది నేరుగా వెళ్ళి పెద్దాయన పాదాల మీద పడింది. నాకన్నా ముందు నా సైకిలే ఆయనకు సాష్టాంగం చేసింది.

"నమస్కారం మామా! బాగుండారా? ఇంట్లో అంతా బాగుండారా?"

ఆయన కాలు లాక్కుని, నన్ను కింది నుంచి పైదాకా చూసి, "యారప్పా నీను?" అన్నాడు. కన్నడం. నువ్వెవరయ్యా అని అడుగుతున్నాడు. మా మామ నన్ను కన్నడంలో ఎందుకు అడుగుతాడు?

మీసం ఒకటే, పంచె ఒకటే, మనిషి వేరు.

మంజు మోపెడ్ ఆపి, "ఏమాయరా? పంక్చరా?" అని అరిచాడు.

"కాదురా, మామ అనుకుంటి..."

"యా మామరా? ఆయప్ప కోలారు బస్సుకు నిల్చుకోనుండాడు! ఎక్కరా, ఎక్కు!"

పాలాయన దాటిపోయాడు. అతని వెనకే ఇంకొకడు, ఇంకొకడు. పరుగెత్తి పాలు తాగాల్సినవాణ్ణి, నిలబడి నీళ్ళకు కూడా నోచుకోలేదు. సైకిలెక్కి, సిగ్గుతో తల హ్యాండిల్ మీదకు వంచేసి, కళ్ళు మూసుకున్నంత పనిచేసి తొక్కాను. ఏడోవాణ్ణిగా గీత దాటాను. ఎవరి చేతిదో మెత్తటిదేదో నా భుజానికి తగిలి రాలింది.

తల ఎత్తి వెనక్కి చూస్తే, అసలు మామ. గీత పక్కనే నిలబడి ఉన్నాడు. చేతిలో సగం తెగిన చామంతి దండ. పక్కన సుజాత.

"దండ పట్టుకోని నిల్చుకోనుంటే తల కూడా ఎత్తకుండా పోతివి గదప్పా," అన్నాడు మామ. కోపం కన్నా ఆయన గొంతులో బాధే ఎక్కువ వినిపించి, నాకు ఏడుపొచ్చింది. పెళ్ళి కథ ముగిసిందనుకున్నాను.

మంజు నన్ను కాపాడబోయాడు. "తప్పు అనుకోవద్దండన్నా. మీకు దిగల్యా గానీ, ఆడ బస్సుకు నిల్చుకున్న ఒగాయన్ని మీరే అనుకోని దిగి మొక్కినాడు. అందుకే ఏడో నంబరు!"

"దారిన పోయే దానయ్యకు దిగి, దండ తెచ్చిన మామను దాటి పోయినాడా!"

సుజాత అప్పటిదాకా పమిట నోట్లో కుక్కుకుని ఆపుకుంటోంది. ఇక ఆగలేక పకపకా నవ్వేసింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "నాయినా, నీ మాదిరి ఉండాడని ఎవురో తెలీని మనిషికే గెలిచే పందెం ఇడిసిపెట్టినాడు. నిజంగా నువ్వే అయ్యుంటే ఏం ఇడిసిపెట్టేటోడో!" అంది.

మామ మీసం కదిలింది. తర్వాత ఆ తెగిన దండను ముడేసి నా మెడలో వేశాడు. ఆ శ్రావణంలో మా పెళ్ళయింది.

అసలు కథ ఇక్కడ అయిపోవాలి. కానీ పెళ్ళిలో మామ బంధువులందరికీ చెబుతుంటే నా చెవులారా విన్నాను. "మా అల్లుడు పందెంలో అందరికన్నా ముందర ఉండె. నన్ను చూసినాడు, టక్కుమని దిగినాడు! ఇంగ యాడుండాదప్పా ఇట్లాంటి మర్యాదె?" ఇన్నేళ్ళుగా అదే చెబుతున్నాడు. ఆ కోలారు బస్సు పెద్దాయన ఆ కథలోంచి ఎప్పుడో మాయమైపోయాడు. మామ ఎదురుగా నేనూ తలూపుతూ కూర్చుంటాను. పిల్లనిచ్చినాయన మాట కాదనగలమా?

కాబట్టి సూర్యచంద్రుల సాక్షిగా, పాత మద్రాసు రోడ్డు లారీల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పందెంలోనైనా సరే, ముఖం పూర్తిగా చూసి, పేరూ ఊరూ అడిగి, సాక్షి సంతకం తీసుకున్నాకే సైకిలు మీద నుంచి కాలు కింద పెడతాను. స్కూటరుకు మాత్రం ఈ ప్రమాణం వర్తించదు. దాన్ని ఎక్కడ ఆపాలో వెనక కూర్చున్న సుజాత చెబుతుంది.