అల్లుడి వందో ఆట

పోయిన వారం మా అల్లుడికి మోకాలు మార్చారు. ఆపరేషన్‌కి ముందురోజు ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్నపిల్ల, మా మనవరాలి కంటే ఏడెనిమిదేళ్ళు పెద్దదేమో. కాగితాలు తిప్పుతూ, ఈ మోకాలికి మొదటి దెబ్బ ఎప్పుడు తగిలిందని అడిగింది. పందొమ్మిదో ఏట, ఆటలో అన్నాడు అల్లుడు. ఆ తర్వాత? మళ్ళీ ఆటలోనే అన్నాడు. మరి ఆఖరిసారి ఎలా తగిలింది అంటే, మంచం పక్క కుర్చీలో ఉన్న నావైపు వేలు చూపించాడు. ఆ పిల్ల నన్ను కిందనుంచి పైదాకా చూసింది. డెబ్బై ఆరేళ్ళ ముసలిదాన్ని, చేతిలో మందుల సంచి. నేను తల ఊపాను. ఏం చెయ్యను, నిజమే కదా.

ఆ సంగతి చెప్పమని, ఇక్కడ సింగపూరులో మా ఫ్లాట్‌లో గది అద్దెకుంటున్న పిల్ల అప్పటినుంచి ప్రాణం తీస్తోంది. గుంటూరు పిల్ల, సైన్స్ పార్క్‌లో ఏదో పరిశోధన చేస్తుంది. నాకు సంతకం, అంకెలు తప్ప రాత రాదు. నేను చెబుతున్నాను, తను రాస్తోంది.

మేము పుట్టింది మలేషియాలో, పేరా రాష్ట్రం వైపు కొబ్బరితోటల్లో. మా తాతలు శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. పెళ్ళయ్యాక పని వెతుక్కుంటూ నేనూ మా ఆయనా సింగపూరు దిగాం. ఆయన లారీ నడిపేవాడు. నేను పాయా లేబర్‌లో యూనిఫాంలు కుట్టే చోట ఇరవై రెండేళ్ళు మిషను తొక్కాను. మాకు ఒక్కతే కూతురు. అది చదువుకుని రాఫెల్స్ ప్లేస్‌లో మేడమీద ఉద్యోగం తెచ్చుకుంది. మరో రెండేళ్ళకి అదే మేడలోంచి ఒక ఆస్ట్రేలియా వాణ్ణి కూడా తెచ్చుకుంది. మనిషి మా తలుపులోంచి తల వంచి రావాలి. ముక్కు ఎప్పుడో విరిగి ఒక పక్కకి అతుక్కుంది. నాకు నచ్చలేదు. ఇప్పుడు దాచి ఏం లాభం, నచ్చలేదు. పెళ్ళికి వెళ్ళాను, అక్షింతలు వేశాను, ఇంటికొస్తే అన్నం పెట్టాను. కానీ ఎనిమిదేళ్ళు అతనితో ఒక్క మాట నేరుగా మాట్లాడలేదు. ఎదురుగా కూర్చుని తింటున్నా, చారు కావాలేమో అడుగు అని కూతురితో అనేదాన్ని. అది ఇంగ్లీషులో అడిగేది. అతను మాత్రం నా మొహమే చూసి "చాలు అత్తా" అనేవాడు, తెలుగులోనే. ఆ నాలుగు ముక్కలూ మా ఆయన నేర్పినవి.

మామా అల్లుళ్ళని కలిపింది ఒక బంతి. అది గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా ఉంటుంది. చేతుల్లేని బనియన్లు వేసుకుని, ఒకరి భుజాలమీదికొకరు ఎగిరి దాన్ని పట్టుకుంటారు, పట్టుకున్నాక కాలితో తంతారు. ఆస్ట్రేలియా వాళ్ళకి ఫుట్‌బాల్ అంటే అదేనట. మా ఆయన శనివారం శనివారం వెళ్ళి, ఆటైతే ఆట, లేకపోతే ప్రాక్టీసు చూసొచ్చి, నేను వినకపోయినా వంటింటి గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పేవాడు. నాకు తెలిసిందంతా అలా చెవిన పడ్డదే.

అల్లుడిది మెల్‌బోర్న్‌కి నాలుగు గంటల దూరంలో గొర్రెలు పెంచే ఊరు. అక్కడి క్లబ్బుకి వాళ్ళ తాత ఆడాడు, తండ్రి ఆడాడు. ఒకే క్లబ్బుకి వంద ఆటలు ఆడినవాళ్ళ పేర్లు అక్కడి హాల్లో చెక్కమీద బంగారు రంగుతో రాస్తారట. ఆ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. మా అల్లుణ్ణి పదిహేడో ఏటే పట్నంలో పెద్ద క్లబ్బు వాళ్ళు ఏరి తీసుకుపోయారు. ఊరంతా పండగ చేసుకుంది. రెండేళ్ళు ఉంచుకుని, పెద్ద జట్టులో ఆడించింది మూడంటే మూడు ఆటలు. మూడోదాంట్లో మోకాలు పోయింది. ఒక ఉత్తరం చేతికిచ్చి పంపేశారు. ఊళ్ళో మొహం చూపలేక చదువు పట్టుకుని, ఉద్యోగం పట్టుకుని, ఇక్కడికొచ్చి తేలాడు. ఇక్కడ వాళ్ళవాళ్ళ క్లబ్బు ఒకటి కనబడితే మళ్ళీ బూట్లు కట్టాడు. అద్దె మైదానం, ఏడాదికి తొమ్మిదో పదో ఆటలు. పదకొండేళ్ళకి తొంభై తొమ్మిది అయ్యాయి, అతనికి ముప్పై తొమ్మిది వచ్చాయి. ఆ కాలు ఇంకో ఏడాది ఆగదన్నాడు డాక్టరు. మా అమ్మాయి డాక్టరుకంటే గట్టిది. ఈ ఏడు ఆఖరి ఆటే వందోది, అదాడి నీ బూట్లు నువ్వు పారేస్తావా, నేను పారెయ్యనా అంది. అతను మాటిచ్చాడు. అంటే ఆ శనివారం మైదానంలో అడుగుపెడితే వంద, లేకపోతే బతికినంతకాలం తొంభై తొమ్మిదే. అది చూడ్డానికి వాళ్ళ నాన్న, డెబ్బై దాటిన మనిషి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి విమానం ఎక్కి వస్తున్నాడు. మా వియ్యంకుడన్నమాట.

మా ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు.

వాళ్ళలో ఒక ఆచారం ఉంది. ఎవరిదైనా వందో ఆట అయితే క్లబ్బు ఆడవాళ్ళంతా కలిసి రంగుకాగితాలు అతికించి, మనిషెత్తు తెరలాంటిది చేస్తారు. దానిమీద ఆటగాడి పేరు, అంకె ఉంటాయి. రెండు కర్రలకి కట్టి మైదానం మొదట్లో నిలబెడతారు. మా ఫ్లాట్ మైదానానికి దగ్గర కనుక, మా బ్లాకు కింద ఖాళీజాగాలోనే చేశారు. నేను మెట్టుమీద కూర్చుని చూశాను. ఒక్కదానికీ సూదీ దారం తెలియదు, అంతా అంటుటేపే. శుక్రవారం పొద్దున్న చుట్టచుట్టి మా ఇంట్లో పెట్టి వెళ్ళారు. మధ్యాహ్నం అమ్మాయి మామగారిని తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకి పోయింది. వాన ఎత్తుకుంది. ఓసారి చూద్దామని చుట్ట విప్పితే ఒక మూల అప్పుడే చిరిగి ఉంది. ముసలాయన అంత దూరం నుంచి వస్తున్నాడు, గాలి కొడితే కొడుకు పేరు ముక్కలైపోతుందే అనిపించింది. అతనికోసం ఏదైనా చెయ్యాలని నాకు బుద్ధిపుట్టడం ఎనిమిదేళ్ళలో అదే మొదటిసారి.

బీరువాలో మా ఆయన పంచెలు రెండుండేవి. నాలుగు గజాల పంచెని మడతపెట్టి, రెండు వరసల గుడ్డ చేసి, కాగితం వెనక పరిచాను. రెండోది దాని పక్కన. రెండు పక్కల అంచులూ మిషనుమీద కుట్టాను, కర్రలు దూర్చడానికి గొట్టంలా మడిచి రెండు కుట్లు వేశాను. సాయంత్రానికి కాగితంవైపు చూస్తే ముందులాగే ఉంది, ఒక్క కుట్టు కనబడలేదు. పెనుగాలి వచ్చినా కదలదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను. ఆ కాగితం చిరగడానికే చేస్తారని నాకెవరు చెప్పారు? మా ఆయన అన్నీ చెప్పాడు గానీ ఆ ఒక్కటీ చెప్పలేదు, లేదా చెప్పినప్పుడు నేను పోపు వేస్తున్నానేమో.

మర్నాడు మొదటిసారి మైదానానికి వెళ్ళాను. ఐదేళ్ళ మనవరాలు నా ఒళ్ళో, పక్కన పెద్ద టోపీ పెట్టుకుని వియ్యంకుడు. నాకు ఆయన భాష రాదు, ఆయనకి నాది రాదు. ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇస్తే టోపీ తీసి తాగాడు. అవతల తెర మోసుకొచ్చిన ఆడవాళ్ళు, ఇంత బరువుందేమిటి, వాన నీళ్ళు పీల్చిందేమో అనుకుంటున్నారు. నిలబెట్టారు. అల్లుడి పేరు చక్కగా కనబడుతోంది. వియ్యంకుడు లేచి నిలబడ్డాడు. అటునుంచి జట్టంతా వరసగా, అందరికంటే ముందు మా అల్లుడు, భుజం ముందుకు పెట్టి పరుగు మొదలుపెట్టారు. తెర పక్కనుంచి వస్తారనుకున్నాను. పక్కకి రావడం లేదు. పిల్లని ఎత్తుకుని నేనూ లేచాను.

అల్లుడు గోడకి కొట్టిన బంతిలా వెనక్కి వచ్చి వెల్లకిలా పడ్డాడు. వెనకవాళ్ళు ఆగలేక ఇద్దరు అతనిమీద పడ్డారు. కర్రలు పట్టుకున్న ఆడవాళ్ళు ముందుకు తూలారు. తెర మాత్రం చెక్కు చెదరలేదు. అవతలి జట్టువాళ్ళు నవ్వారు, తర్వాత అతను మోకాలు పట్టుకుని లేవకపోవడం చూసి ఆపేశారు. మా అమ్మాయి పరిగెత్తింది. తెర వెనకనుంచి వేలాడుతున్న జరీ అంచు చూసి ఆగిపోయింది. వాళ్ళ నాన్న పంచె అది గుర్తుపట్టదా. నేను పిల్లని వియ్యంకుడి పక్కన కూర్చోబెట్టి దగ్గరికి వెళ్ళాను.

"అమ్మా, అది చింపుకుని వెళ్ళడానికే కదా. కావాలనే కుట్టావా?" అంది. గట్టిగా కూడా అనలేదు. ఎనిమిదేళ్ళు నా వంట తిని, నా మాటలు అటూ ఇటూ మోసిన పిల్ల అది. అలా అనుకోవడంలో దాని తప్పేముంది? నేను ఇప్పటికీ ఆ మాటని తప్పుపట్టలేదు.

మోకాలికి గట్టిగా పట్టీ చుట్టారు. లేచి నిలబడ్డాడు, కుంటుతూ నాలుగడుగులు వేశాడు. ఒక నిమిషమైనా ఆడితే లెక్కేనని జట్టు నాయకుడు అన్నాడట. ఈ తెర పక్కన పడేసి, పక్కనుంచి వెళ్ళిపోదాం రమ్మన్నాడట. అల్లుడు ఒప్పుకోలేదు. తాత దాన్ని చీల్చుకునే వెళ్ళాడు, నాన్న చీల్చుకునే వెళ్ళాడు, నేను పక్కనుంచి దొంగలా పోను అన్నాడని అమ్మాయి తర్వాత చెప్పింది. అప్పుడు నాకర్థమైంది, అతను తెరవైపు చూస్తూ కదలడం లేదని మాత్రమే. ఆట నడిపించే అంపైరు చేతి గడియారం చూసుకుంటున్నాడు. ఎవరో కత్తెర కోసం పరిగెత్తారు, దొరకలేదు.

అందరూ నన్ను చూస్తున్నారు. చెప్పులు విడిచి గడ్డిలో నడిచి అతని ముందు నిలబడ్డాను. మధ్యలో అమ్మాయి ఉంది, దాంతో చెప్పించవచ్చు. ఆ పూట అలా చెప్పించబుద్ధి కాలేదు.

"బాబూ, నిన్ను పడెయ్యాలని కాదు. ఆగు, నేను విప్పుతాను."

అతనికి ఎంత అర్థమైందో తెలియదు. "సరే అత్తా" అన్నాడు.

రెండు పక్కలా మిషను కుట్టే గానీ, మధ్యలో రెండు పంచెలూ కలిసేచోట నేను చేత్తో కచ్చాకుట్టు వేశాను. మా ఆయన పంచెలు కదా, ఆట అయ్యాక విప్పుకుని మళ్ళీ బీరువాలో దాచుకుందామని. తెర వెనక వంగి కింద ముడి పళ్ళతో కొరికాను. దారం కొస చేతికి చుట్టుకుని లాగాను. కాస్త ముడతలుపడి బిగిసింది. ఇంకో లాగు లాగితే సర్రున జారి చేతిలోకి వచ్చేసింది. గుడ్డ తలుపుల్లా రెండువైపులా విడిపోయింది, మధ్యన ఉత్త కాగితం. అటునుంచి వెలుగు కనబడుతోంది. పక్కకి తప్పుకుని చెయ్యి ఊపాను.

కుంటుతూనే వచ్చాడు. కాగితం ఫట్‌మని చిరిగింది, ఎర్రముక్కలు అతని జుట్టులో, నా కొంగులో. జట్టంతా అరుస్తూ వెనకాలే. వియ్యంకుడు టోపీ చేతిలో పట్టుకుని, మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని భయపడి దగ్గరికెళ్తే, నవ్వుతున్నాడు. కాదు, రెండూ.

అల్లుడు ఆడింది పావుగంట. గోలు కర్రల దగ్గర ఒంటికాలిమీద నిలబడ్డాడు. ఒక బంతి దొరికింది. తన్నితే గోలు కర్రల మధ్య కాకుండా, వాటి పక్కనుండే పొట్టి కర్రల మధ్యనుంచి పోయింది. ఆ ఆటలో అలా తప్పినా ఒక పాయింటు వేస్తారు. అదొక్కటే అతను చేసింది. జట్టు గెలిచిందో ఓడిందో నాకు గుర్తులేదు, అడిగితే అతనికీ గుర్తులేదట. చివర ఇద్దరు కుర్రాళ్ళు అతన్ని భుజాలమీద కూర్చోబెట్టుకుని బయటికి మోసుకొచ్చారు. అమ్మాయి నా దగ్గరికొచ్చి, నా కొంగులోని కాగితం ముక్కలు ఒక్కొక్కటే ఏరింది. ఆ సాయంత్రం మా ఇంట్లో వియ్యంకుడికీ అతనికీ పక్కపక్కన కంచాలు పెట్టి, చారు కావాలా అని అల్లుణ్ణే అడిగాను. అలవాటు లేని నోరు, గొంతు కాస్త పెద్దదైపోయింది. "వద్దన్నా పోస్తావు కదా" అన్నాడు ఇంగ్లీషులో. అమ్మాయి తెలుగు చేసి చెప్పబోతే, నాకు తెలిసిందిలే అన్నాను.

అతని పేరు ఇక్కడి క్లబ్బు గోడమీద రాశారు. వాళ్ళ ఊరి హాల్లో చెక్కమీద కాదు గానీ, వియ్యంకుడు ఆ గోడని ఫోటో తీసుకెళ్ళి, బతికున్నన్నాళ్ళూ ఊళ్ళో అందరికీ చూపించాడట.

వంద ఆటల్లో నేను చూసింది ఆ పావుగంటే. పిలవలేదా అంటే, పిలిచాడు మా ఆయన. ప్రతి శనివారం చెప్పులు వేసుకుని, గుమ్మంలో ఒక నిమిషం నిలబడి, వస్తావేమే అని అడిగేవాడు. వచ్చే వారం చూద్దాంలే అనేదాన్ని. శనివారాలకేం, ఇప్పటికీ వారం తప్పకుండా వస్తున్నాయి. అడిగే మనిషి ఉన్న శనివారాలు మాత్రం నేను లెక్కపెట్టకముందే అయిపోయాయి.