మూతితో దారి చూపిన మా నాయన

మా నాయనకు వేలు పెట్టి చూపించే అలవాటు లేదు. ఉప్పు ఎక్కడుందంటే మూతి ముందుకు చాచి ఉప్పు వైపు చూపేవాడు. దూడ ఎటు పోయిందంటే మూతి, బస్సు ఏ పక్క నుంచి వస్తుందంటే మూతి. వాళ్ళ దేశంలో అందరూ అంతేనట. ఆ ఫిలిప్పీన్స్ దేశం ఎక్కడుంది నాయనా అని చిన్నప్పుడు అడిగితే తూర్పుకు మూతి చాచి, మళ్ళీ అన్నంలో పడ్డాడు. అన్ని సముద్రాల దూరాన్నీ రెండు పెదాలతో తేల్చేశాడు.

ఆయన ఇంజనీరు. చిత్తూరు పక్కన ఒక చక్కెర మిల్లులో కొత్త యంత్రాలు బిగించడానికి ఆరు నెలలకని వచ్చాడు. జ్వరమొచ్చి ఆసుపత్రిలో పడితే అక్కడ నర్సు మా అమ్మ. పెళ్ళి చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. పాకాల పక్క సేద్యం చేసుకునే మా అవ్వ ఆ పెళ్ళికి రాలేదు. నేను పుట్టాక చూసిపోదామని వచ్చి, ఇక పోలేదు.

భక్తి మాత్రం ఆయనది గట్టిది. తెల్లవారి షిఫ్టుకు పోయేముందు మోకాళ్ళ మీద కూర్చుని జపమాల తిప్పాల్సిందే. చెరకాడే కాలంలో మిల్లు ఆగకపోయినా ఆదివారం చర్చికి పోవాల్సిందే. ఆ జపమాల చొక్కా జేబులో స్క్రూడ్రైవరు పక్కనే ఉండేది. పూసలకు గ్రీజు అంటుకుందని అమ్మ సబ్బు పెట్టి రుద్దుతుంటే, "దేవుడికి ఆ వాసన అలవాటేలే" అనేవాడు.

డెబ్బైల చివర్లో, నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు జరిగింది ఇది. నాయన మిల్లులో నిచ్చెనెక్కి ఒక చేత్తో గొట్టం, ఇంకో చేత్తో స్పానరు పట్టుకుని ఉన్నాడు. కింద ఒకామె చెరకు పిప్పి ఊడుస్తోంది. ఆమె వెనకాలే గొట్టం అతుకు దగ్గర ఆవిరి చిమ్మడం మొదలైంది. మిల్లు మోతలో కేకేస్తే వినపడదు. వెనక చూసుకొమ్మని మూతి చాచాడు. ఆమె మొహం తిప్పుకుంది. ఇంకా గట్టిగా చాచాడు. ఆమె చీపురు పారేసి పోయింది కాబట్టి కాలలేదు. అయితే ఆ పోవడం పోవడం నేరుగా మిల్లులోనే ఫిట్టరుగా ఉన్న మొగుడి దగ్గరకు పోయింది.

సాయంత్రానికి పదిమంది మా క్వార్టర్సు ముందర చేరారు.

"ఏం సారూ, మా ఆడోళ్ళకు ముద్దులు ఇసురుతా ఉండావంట?" అన్నాడు ఫిట్టరు.

"ముద్దు కాదు. ఆవిరి చూపించినాను" అన్నాడు నాయన.

"మూతితో సూపిస్తారా యాడన్నా?"

"మా ఊర్లో చూపిస్తారు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఫిట్టరుకు ఇంకా మండింది. "అట్లయితే పద, కాణిపాకం పోదాం. తానం చేసి వినాయకుడి ముందర ప్రమాణం చెయ్యి. ఇడిసిపెడతాం. లేదంటే నువ్వుండే షిఫ్టులో ఒక్కడూ పని చెయ్యడు."

మా పక్క ఎంత పెద్ద తగాదా అయినా ఆ ప్రమాణంతో తీరిపోతుంది. అక్కడ అబద్ధం చెప్పినవాడు బాగుపడడని అందరి నమ్మకం. అమ్మ కూడా, "నిజమే కదా చెప్పేది, పోయి ఒక్క మాట చెప్పి రాకూడదా" అని బతిమాలింది.

"ఆ దేవుడి ముందరా ఒట్టు వెయ్యను, నా దేవుడి ముందరా వెయ్యను" అన్నాడు నాయన. "ఒట్టు వెయ్యొద్దని మా బైబిల్లో ఉంది. కాదన్నాను. కాదు. అంతే."

తప్పు చేసినవాడే జంకుతాడని మిల్లంతా చెప్పుకున్నారు. మేనేజరు పిలిపించి, క్షమించమని రెండు ముక్కలు రాసివ్వు, లేకుంటే సోమవారానికి ఉద్యోగమూ లేదు, ఇల్లూ లేదు అన్నాడు. నాయన రాయలేదు. అమ్మ గిన్నెలు మూట కట్టడం మొదలుపెట్టింది.

బడిలో పిల్లలు నన్ను చూసి మూతులు చాచేవాళ్ళు. ఒకదాన్ని పుస్తకాల సంచితో కొట్టాను. క్షమాపణ చెప్పమంది టీచరు. చెప్పకుండా ఇంటికి వచ్చేశాను. బడికి పొమ్మని నాయన ఎంతో చెప్పాడు. "నువ్వు చెప్పినావా, నేను చెప్పేదానికి?" అన్నాను. నా చదువు అక్కడికి సరి. తప్పెవరిదో నాకు ఇప్పటికీ తెలుసు, నాది కాదు.

ఆదివారం మధ్యాహ్నం మా అవ్వ ఎవరికీ చెప్పకుండా పోయి ఆ పిప్పి ఊడ్చే ఆమెను చెయ్యి పట్టుకుని మా ఇంటికి తెచ్చింది. వెనకే ఆమె మొగుడు. నాయన పెరట్లో చేపలు కడుగుతున్నాడు. వాళ్ళ దేశపు పులుసు ఆయనే చేసేవాడు, మనలాగే చింతపండు పోసి. చేతులనిండా పొలుసులు. అవ్వ వాళ్ళిద్దరినీ వాకిట్లో నిలబెట్టి కేకేసింది.

"అల్లుడా, చింతపండు యాడుండాది?"

నాయన తలెత్తకుండానే గూటి వైపు మూతి చాచాడు.

"చీపురు?"

తలుపు మూలకు మూతి.

"మీ అమ్మోరి పటం?"

గోడ మీద మరియమ్మ వైపు మూతి. ఈసారి తల కూడా కొంచెం వంచాడు.

అవ్వ ఆమె వైపు తిరిగింది. "సూసినావా పాపా? చింతపండుకూ మూతే, చీపిరికీ మూతే, కన్నతల్లి మాదిరి మొక్కే అమ్మోరికీ మూతే. వీటిల్లో దేన్ని సరసానికి పిలిచినాడో నువ్వే చెప్పు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చీపిరినైతే కాదులే అవ్వా" అంది. తర్వాత నవ్వు ఆపుకుని మొగుడితో, "నేనుండిన చోటే ఆవిరి చిమ్మింది గదా. వచ్చి చూస్తే చీపురు ఉడికిపోయి ఉండింది. మనమే ఎచ్చుగా పోయినాం" అంది.

ఫిట్టరు నేల చూశాడు. "అయినా మేనేజరు కాయితం అడిగినాడు గదా సారూ."

నాయన చేతులు కడుక్కుని, వచ్చీరాని తెలుగులో రాశాడు. "ఆమె వెనక ఆవిరి కారింది. నేను మూతితో చూపించినాను. మళ్ళీ కారితే మళ్ళీ చూపిస్తాను." కింద సంతకం.

సోమవారం మేనేజరు అది చదివి, "ఇది క్షమాపణేనా?" అన్నాడట. "కాదు" అన్నాడట నాయన. గేటు బయట చెరకు బండ్లు బారులు తీరి ఉన్నాయి, షిఫ్టుకు మనుషులు వచ్చేశారు. మేనేజరు కాయితాన్ని ఫైల్లో పెట్టుకున్నాడు. అమ్మ మూట విప్పింది.

నాయన దగ్గర్నుంచి నాకూ వచ్చిన ఆ మూతి అలవాటును పెళ్ళయ్యాక మా అత్త మాన్పించాలని చాలా చూసింది. ఆడదానికి మర్యాద కాదంది. నేను మానలేదు.

ఎనభైల్లో నాయన పోయినప్పుడు సమాధి దగ్గర ఆ ఫిట్టరే ముందుండి పెట్టె పట్టాడు. జుట్టు నెరిసిపోయింది. "పాపా, సారు మొగం ఏ పక్కకు ఉండాల?" అని అడిగాడు. నా రెండు చేతుల్లో అమ్మ ఉంది, వదిలితే పడిపోతుంది. చుట్టూ ఊరి పెద్దమనుషులు, మా అత్తగారి వాళ్ళు.

తూర్పుకు మూతి చాచాను.

ఫిట్టరు మారు మాట అడగకుండా పెట్టెను అటు తిప్పించాడు.