ఆత్మకూరు నూడుల్సూ, నా పేరుతో పడిన తొలి వార్తా

ఆ రోజుల్లో నాకు నచ్చనివేవో చెప్పమంటే పొద్దుగూకేదాకా చెప్పేవాణ్ణి. నచ్చినదేదో ఒక్కటి చెప్పమంటే మాత్రం నోరు పెగిలేది కాదు. ఇరవై రెండేళ్లకే అంత ఎగతాళి ఎక్కణ్ణించి పట్టుకుందో ఇప్పటికీ తెలియదు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు. నెల్లూరు నుంచి వచ్చే ఒక చిన్న దినపత్రికకు మా ఉదయగిరి వార్తలు పంపే పని మాత్రం దొరికింది. పనంటే పెద్దగా ఏమీ లేదు. బోరు ఎండిందనో, కొండ మీద నిప్పు రేగిందనో నాలుగు ముక్కలు రాసి, కవర్లో పెట్టి, నెల్లూరు బస్సు డ్రైవరు చేతిలో పెట్టడమే. పేరు పడేది కాదు, 'మా విలేకరి' అని పడేది. (ఆ 'మా విలేకరి' నేనేనని వీధిలో ఇంటింటికీ తిరిగి చెప్పుకున్నదీ నేనే.) జేబులో పెన్నుండేసరికి ఊరంతా నాకు లోకువైపోయింది. మా అవ్వ కెలికే సంగటి లోకువ, ఆదివారం చర్చిలో ఆమె గొంతెత్తి పాడే పాట లోకువ, ఎదురింటి అరుగు మీద కూర్చుని కొండకర్రతో గరిటెలూ చెంచాలూ చెక్కుకునే సాయబు తాత మరీ లోకువ. పాపం, ఈయన బతుకంతా గరిటెలతోనే తెల్లారిపోయిందే అని జాలిపడేవాణ్ణి. ఆయన గరిటెతోనే మా ఇంట్లో రోజూ కూర వడ్డించుకుని తింటూ.

అట్లాంటి కాలంలో ఆత్మకూరు బస్టాండు దగ్గర నూడుల్సు హోటలొకటి తెరిచారు. పెట్టినాయన సోమశిల డ్యాములో ఊరు మునిగిపోయిన కుటుంబంవాడు. సింగపూరులో ఆరేళ్లు ఎవరి హోటల్లోనో వంట చేసి వచ్చాడు కాబట్టి అందరూ సింగపూరన్న అనేవాళ్లు. బోర్డు మీద 'చైనా, జపాన్, మలేషియా వంటకములు' అని ఒక వరస, దానికింద 'ముత్యాల టీ' అని ఇంకో వరస. మా నెల్లూరు డెస్కు ఇన్‌ఛార్జి ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసి, నన్ను పిలిపించి, "ఆత్మకూరు విలేకరి పెళ్లికి పోయినాడయ్యా. నువ్వు పోయి తిని, చదివినోళ్లు నవ్వేట్టు ఒక ఐటెం రాయి. బాగుంటే ఈసారి నీ పేరేస్తా" అన్నాడు. పేరు! ఆ మాట విన్నాక నాకు ఆకలి కూడా వేయలేదు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని మరుసటి రోజు మధ్యాహ్నానికి ఆత్మకూరులో దిగాను.

లోపల ఆరు బల్లలు. గోడ మీద డ్రాగన్ బొమ్మ వేయించారు. వేసినవాడు డ్రాగన్ని ఎన్నడూ చూసి ఉండడు, ఉడుముల్ని మాత్రం బాగా చూసి ఉంటాడు. పక్క బల్ల దగ్గర చేజర్ల నుంచి వచ్చిన రైతూ, ఆయన భార్యా, ముసలి తల్లీ కూర్చున్నారు. సింగపూరన్న స్వయంగా గిన్నె తెచ్చి నా ముందు పెట్టాడు. పక్కన రెండు చెక్క పుల్లలు. "చెంచా తెమ్మంటారా సార్?" అని మర్యాదగా అడిగాడు. "అక్కర్లేదు, మద్రాసులో మాకు అలవాటే" అన్నాను. (మద్రాసుకు నేను పోయింది ఒకే ఒకసారి, అవ్వ కళ్లు చూపించడానికి. అక్కడ తిన్నది పెరుగన్నం.)

ఆ తర్వాత పావుగంట సేపు జరిగింది భోజనం కాదు, చేపలవేట. ఒక పుల్ల నిలబడితే ఇంకోటి పడుకునేది. పట్టుకున్నానన్న పోగు నోటిదాకా వచ్చి, నా ముఖం చూసి మనసు మార్చుకున్నట్టు గిన్నెలోకి జారిపోయేది. చివరికి ఒకటి పైకి లేచింది గానీ, నోట్లో పడకుండా చొక్కా మీద చెళ్లున పడి, జేబు మీదుగా ఎర్రగా గీత గీసుకుంటూ ఒళ్లోకి దిగింది. పక్క బల్ల ముసలమ్మ అంతసేపూ ఓపిగ్గా చూసింది పాపం. ఇక ఆగలేక, "అబ్బయ్యా, కూడు తినేదానికి వచ్చినావా, బుట్ట అల్లేదానికి వచ్చినావా? చెయ్యి కడుక్కోనొచ్చి చేత్తో తినుకో నాయనా, ఎవురూ ఏమనుకోరు" అంది. హోటలంతా గొల్లున నవ్వింది. నేను వినపడనట్టు గిన్నె అవతలికి నెట్టి ముత్యాల టీ అందుకున్నాను. చల్లటి పాలటీ, అడుగున బెల్లంపాకంలో ఉడికించిన సగ్గుబియ్యం. రోషంతో ఒక్క గుక్క పీల్చేసరికి సగ్గుబియ్యం గింజ కొరపోయింది. ఆ రైతే లేచొచ్చి, నెత్తి మీద తట్టి, "నిదానం బ్బా, నిదానం" అని నీళ్లు తాపాడు. చేజర్ల రైతు చేతిలో ప్రాణదానం పొందిన విలేకరి ఆ జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

తిరుగు బస్సులోనే రాశాను. ఒక్క కొట్టివేత లేదు. అవమానం కంటే మంచి సిరా లేదని ఆరోజే తెలిసింది. నూడుల్సును 'బెల్లం మరిచిన సేమ్యా' అన్నాను. సగ్గుబియ్యం 'పాయసం నుంచి పారిపోయి టీలో దూకి ఆత్మహత్య చేసుకుంది' అన్నాను. ఆఖరు వరసలో పుల్లల పని పట్టాను: 'ఏ దేశంలో ఏ మొద్దు చెక్కాడో గానీ, ఇవి తినడానికి కావు, తినేవాణ్ణి ఏడిపించడానికి.' రెండో రోజు అచ్చయింది, 'ఆత్మకూరులో వానపాముల విందు!' అని. కింద నా పేరు. పది కాపీలు కొని, నేను లోకువగా చూసే వాళ్లందరికీ ఉచితంగా పంచాను.

నాలుగో రోజు పొద్దున సాయబు తాత ఆ పేపరు మడిచి పట్టుకుని మా గడప దగ్గరికి వచ్చాడు. పొగడ్డానికే వచ్చాడనుకుని నేనే ఎదురుపోయాను.

"ఇది రాసింది నువ్వేనా అబ్బయ్యా?"

"నేనే తాతా."

"నాకు కళ్లు సరిగా ఆనడం లేదు. ఈ కడాకరి వరస బిగ్గరగా సదువు."

చదివాను, రాగం తీసి మరీ.

"ఆ మొద్దును నేనేరా" అన్నాడు తాత.

సంచిలోంచి ఒక జత పుల్లలు తీసి నా చేతిలో పెట్టాడు. నున్నగా, మొనల దగ్గర సన్నగా, చివర చిన్న పువ్వు. ఆ పువ్వు మా ఇంట్లో ప్రతి గరిటె మీదా ఉంటుంది. చైనావాడి పనితనమని నేను వెక్కిరించింది మా ఎదురింటి అరుగు మీద పుట్టిన వస్తువుని. "ఆ హోటలాయనకు నలభై జతలు ఇచ్చినాను. ఇంకో రెండొందల జతలు కావాలన్నాడు, కర్ర కోయించి పెట్టుకున్నాను. నిన్న మనిషితో వద్దని చెప్పంపినాడు. తినేవాళ్లే రావడం లేదంట. వానపాములు ఉడకేస్తున్నారని చెప్పుకుంటా ఉండారంట."

"నేనేం చేసేది తాతా? ఉన్న నిజం రాసినాను."

"నిజమా? సరే. దాని రుచి ఎట్టుండాది?"

నోరు తెరిచాను. రుచి నాకు తెలియదు! ఒక్క పోగన్నా నోట్లో పడితే కదా తెలిసేది. లోపల్నించి అవ్వ చేట పట్టుకునే బయటికొచ్చింది. "తినకుండానే రాసినావంట్రా? తినకుండానే ఒకడి పొయ్యి ఆర్పినావా? దానికి పేరు కూడా ఏసుకున్నావా?" అంది. ఆ చేట నా వీపు మీద పడి ఉంటే బాగుండేదనిపించింది. ఎస్టీడీ బూతుకు పోయి డెస్కుకు ఫోన్ చేసి, హోటలు మంచిదేనని ఇంకో ఐటెం రాస్తానన్నాను. "తిడితే వార్తయ్యా, మెచ్చుకుంటే అడ్వర్టైజ్‌మెంటు" అని పెట్టేశాడు.

ఆ సంగతి చెబితే అవ్వ, "మీ పేపరు ఎవురికి కావాలిరా" అని కొట్టిపారేసింది. ఆదివారం ఆరాధన అయీ కాగానే స్త్రీల సమాజంలోంచి పదకొండు మందిని లేవదీసి, సాయబు తాతను ముందు సీట్లో కూర్చోబెట్టి, నన్ను ఖైదీని తీసుకుపోయినట్టు మధ్యలో పెట్టుకుని ఆత్మకూరు బస్సెక్కించింది. హోటల్లో ఈగ కూడా లేదు. సింగపూరన్న ఒక్కడే కూర్చుని తుడిచిన బల్లనే తుడుస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి, "రండి సార్" అన్నాడు. ఆ 'సార్' దగ్గర నా తల వంగిపోయింది. అవ్వ నన్ను ముందుకు తోసి, "రాసింది ఈడే. తిట్టేదుంటే బిరీన తిట్టు నాయనా, మాకు ఆకలిగా ఉండాది" అంది. ఆయన తుడిచే గుడ్డ భుజాన వేసుకుని, "తిట్టను గానీ, ఈసారి పూర్తిగా తినండి సార్" అన్నాడు.

గిన్నెలొచ్చాయి. అవ్వ ప్రార్థన చేసింది. (నా పాపాలు కూడా కలిపి చేసింది కాబట్టి నూడుల్సు కొంచెం చల్లారాయి.) తర్వాత ఆ పన్నెండు మందీ మొదలుపెట్టారు చూడండి, నా వెక్కిరింత వాళ్ల ముందు పసిపిల్లల ఏడుపు. "ఉప్పేదయ్యా, సింగపూరులోనే మరిచిపోయొచ్చినావా?" "ఇది నములుతుంటే నా కట్టుడుపళ్లు కదులుతుండాయి." "కారమెయ్యి నాయనా, మేము బాలింతలం కాదు." అన్నీ తింటూనే అన్నారు, తినడం ఆపకుండా అన్నారు, ఇంకొంచెం పెట్టమని అడిగి మరీ అన్నారు. సింగపూరన్న ఆర్డర్లు రాసుకునే కాగితాల మీద ఒక్కొక్కటీ రాసుకున్నాడు. వాళ్లు పుల్లలతో పడే అవస్థ కాసేపు చూసి సాయబు తాత తనే చేతులెత్తేశాడు: "ఇవి మన చేతికి లొంగేవి కావబ్బా. అదే కర్రతో నాలుగు పళ్ల చెంచాలు చెక్కిస్తా, పెట్టుకో."

నేను చేత్తో తిన్నాను. వెల్లుల్లి, మిరియాలు, కోడిగుడ్డు, మంట మీద కాస్త మాడిన క్యాబేజీ వాసన. బాగుంది. నిజానికి చాలా బాగుంది, ఆ సంగతి ఒప్పుకోవడానికే గిన్నె ఖాళీ అయ్యేదాకా పట్టింది. చేతులు కడుక్కునే దగ్గర సింగపూరన్న పక్కకొచ్చి మెల్లగా, "ఆ టీ గురించి మాత్రం మీరు రాసింది కరెక్టే సార్. నాకూ సయించదు. అక్కడ జనం వరసలు కట్టి తాగుతుంటే మనోళ్లూ తాగుతారనుకున్నాను" అన్నాడు. ఇద్దరం కొళాయి కట్టేయడం మరిచిపోయి నవ్వాం.

పన్నెండు మంది ఆడవాళ్లు పన్నెండు వీధుల్లో చెప్పిన మాట ముందు మా పత్రిక ఏపాటిది? నెల తిరిగేసరికి ఆ హోటల్లో కూర్చోడానికి చోటు లేదు. కొండాపురం నుంచి కూడా వచ్చేవాళ్లట. నాలుగు పళ్ల చెంచాలు చెక్కలేక సాయబు తాత అల్లుణ్ణి కూడా అరుగు మీద కూర్చోబెట్టుకున్నాడు. సింగపూరన్న మూడేళ్లు అక్కడే నడిపి, నెల్లూరులో పెద్ద హోటలు పెట్టుకుని పోయాడు.

నేను ఇంకో నాలుగేళ్లు ఆ పత్రికకు రాశాను. కరువు మీద రాశాను, డ్యాము నిర్వాసితుల మీద కష్టపడి రాశాను. అవేవీ ఎవరికీ గుర్తులేవు. ఆత్మకూరులో పాతవాళ్లకు మాత్రం నేను ఈనాటికీ 'వానపాముల విలేకరి'నే. మొదట్లో ఎవరైనా అట్లా కేకేస్తే వినపడనట్టు సందులోకి తిరిగేవాణ్ణి. ఇప్పుడైతే వెనక్కి తిరిగి, పిలిచినవాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు మరిచిపోయిన ముక్కలు నేనే గుర్తుచేస్తున్నాను. ఆ ఇరవై రెండేళ్లవాడి మీద కోపం ఎప్పుడో పోయింది. ఏమీ తెలియకుండానే అన్నిటి మీదా అంత నమ్మకంగా తీర్పులు చెప్పేసేవాడు, వెధవ. ఇప్పుడు ఒక్క మాట రాయాలంటే పదిసార్లు ఆలోచించుకునే నాకు, వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కాస్త అసూయగా కూడా ఉంటుంది.