బాబాయి తాగని బొండం

మా బాబాయి నక్షత్రాల నుంచి వచ్చే రేడియో తరంగాల మీద పరిశోధన చేసేవాడు. ఎక్కడున్నా తెల్లవారుజామునే మైళ్ళకొద్దీ పరుగెత్తేవాడు. ఆగగానే మణికట్టు పట్టుకుని నాడి చూసుకునేవాడు. అది పూర్తయ్యేదాకా దేవుడు పిలిచినా పలికేవాడు కాదు.

డెబ్బైల చివర్లో సెలవుకి వచ్చినప్పుడు అంబాజీపేట దారిలో పరుగెత్తుతుంటే కొబ్బరితోట కాపలావాళ్ళు పట్టుకున్నారు. మా దళితపేట మనిషి తోట పక్కన పరుగెత్తాడంటే కాయలు దొంగిలించినట్టేనట! ఒంటిమీద ఉన్నది బనీను, నిక్కరు. కాయలు ఎక్కడ దాస్తాడు?

కబురు విని నాన్న, నేను వెళ్ళేసరికి తోట ఆసామి తన ఇంటి అరుగు మీద కాఫీ తాగుతున్నాడు. బాబాయి వాకిట్లో నిలబడి, ఎవరేం అడిగినా పలక్కుండా ఇంకా నాడి చూసుకుంటూనే ఉన్నాడు.

నాన్న చేతులు కట్టుకుని, "మా తమ్ముడండి. పెద్ద సైంటిస్టండి" అన్నాడు.

అంతదాకా "ఒరేయ్" అన్న ఆసామి గొంతు మారిపోయింది.

"ఆయ్, అలాగా అండీ! ముందే చెప్పొచ్చు కదండీ. ఒరేయ్, బాబుగారికి బొండం కొట్టండ్రా!"

బాబాయి మణికట్టు వదిలాడు.

"సైంటిస్టుని కాకపోతే ఏం కొట్టేవారండి?"

బాబాయి బొండం ముట్టకుండా, వచ్చిన దారినే మళ్ళీ పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయాడు.

నాన్న మాత్రం ఇంకా చేతులు కట్టుకునే ఉన్నాడు. ఆ చేతులు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.