మేత మిగిలిందా, లేదా?

ఆ రోజుల్లో నా బుర్రలో ఒక్క మాటకే చోటుండేది. రెండోది రాగానే మొదటిది లేచి చోటిచ్చేది (మర్యాద మా ఇంట్లో నేర్పిందే). తోటపల్లి గూడూరు దగ్గర మా రొయ్యల గుంటకు పంపితే, కట్ట మీద పీత వెంట పడి, సాయంత్రానికి దాని ఇంటి సంగతులన్నీ తెలుసుకుని, పంపిన పని మాత్రం మరిచి వచ్చేదాన్ని. నాకు పదేళ్లు వచ్చేసరికి నాన్న ఓపిక అయిపోయి, నాయుడుపేట హాస్టల్లో వేసేస్తానన్నాడు. తాత పక్కన తప్ప ఎక్కడా నిద్రపట్టని పిల్లను నేను. ఒక్క పని సరిగ్గా చేసి చూపిస్తే ఇంట్లోనే ఉంచాలని తాత నాన్నను ఒప్పించాడు.

ఆ పని చెక్‌ట్రే చూసి రావడం. గుంటలో తాడుకు వేలాడే వల పళ్లెం అది. అందులో మేత మిగిలితే తర్వాతి పూట తగ్గించాలి. దారంతా ఆ మాటే పైకి అనుకుంటూ పొమ్మన్నాడు తాత. "మేత మిగిలిందా, లేదా?" అని అరుస్తూ వీధి దాటుతుంటే, చేపలు కడుగుతున్న ఎదురింటి అక్క తల ఎత్తకుండానే, "మాకేం మిగల్లేదు పాపా, పొద్దున్నే తినేసినాం" అంది.

పీత కనబడింది. నోటికి పనుంది గనక కాళ్లు దాని వెంట పోలేదు. తాడు లాగి, పళ్లెం చూసి, అంతే జాగ్రత్తగా అరుచుకుంటూ తిరిగొచ్చి, నాన్న ముందు నిలబడి గంభీరంగా అన్నాను: "మేత మిగిలిందా, లేదా?"

నాన్న ట్రంకుపెట్టె కోసం అటక వైపు చూశాడు. తాత నవ్వలేదు. "పోయినేడు ఇది పళ్లెం దాకానే పొయ్యేది కాదు. ఇప్పుడు ప్రశ్న పోయి తిరిగొచ్చింది. జవాబూ వస్తాది, కాస్త ఆగబ్బయా" అని నన్ను మళ్లీ పంపాడు. ఈసారి తిరుగుదారిలో "మిగల్లేదు, మిగల్లేదు" అని అరిచాను. ఎదురింటి అక్క, తను ముందే చెప్పింది కదా అని నొచ్చుకుంది. హాస్టల్ తప్పింది.

తొమ్మిదో తరగతికి అరుపు గొణుగుడైంది. ఇంటర్‌కు పెదాలే కదిలేవి (పరీక్షలో కాపీ అనుకుని రెండుసార్లు వెతికారు). డిగ్రీలో ఉండగా నెల్లూరు డాక్టరుగారు ధ్యాస ఒకచోట నిలవని ఈ తీరుకు ఏడీహెచ్‌డీ అని పేరు చెప్పి, పైకి అనుకునే మాట పిల్లలందరికీ మెల్లగా లోపలికి చేరుతుందని, నాలాంటి వాళ్లకు కొన్నేళ్లు ఆలస్యమవుతుందని అన్నారు. తాతకు చెబితే, "అయితే ఇప్పుడు లోపల ఎవురు అరస్తా ఉండారు?" అనడిగాడు. నేనేనన్నాను.

అది అబద్ధం. లోపలున్నది తాత గొంతు. ఆయన పోయి రెండేళ్లయినా, గ్యాస్ ఆపినావా, తాళం ఏసినావా అని అడుగుతూనే ఉంటాడు. మొన్న ఊరికెళ్లినప్పుడు అవసరం లేకపోయినా గుంట దారిలో పైకే అరుచుకుంటూ పోయాను. ట్రే చూశాను. ఈసారి జవాబు మరిచిపోలేదు. చెప్పాల్సిన మనిషి లేడు గనక, పీతకు చెప్పి వచ్చాను.