అత్త చేతులకు అంటించిన పాపం

నా కూతురికి ఇప్పుడు బడికి వెళ్ళే వయసు. అది పుట్టకముందు నుంచీ ఒక మాట నా లోపలే దాచుకుని బతికాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

హోసూరులో మాది అద్దె ఇల్లు. నా భర్త కంపెనీలో పని చేస్తాడు. ఆయనకు పాముల పిచ్చి. మన పొలాల్లో తిరిగేవి కావు. కార్న్ స్నేక్ అనే బయటి దేశపు జాతి, విషం ఉండదు. బెంగళూరు స్నేహితుడు ఇచ్చిన జంటను గాజు పెట్టెలో పెంచేవాడు. నాకు వాటి మీద భయమూ లేదు, ప్రేమా లేదు.

ఆ ఏడు నాకు ఐదో నెలలో కడుపు పోయింది. కెలమంగలం నుంచి మా అత్త వచ్చి నన్ను చంటిబిడ్డలా చూసుకుంది. నేనింకా సరిగా కోలుకోకముందే ఆడపాము గుడ్లు పెట్టింది.

ఆయన సంబరపడిపోయాడు. చేపలు తెచ్చే థర్మోకోల్ పెట్టె ఒకటి సంపాదించి, లోపల వేడినిచ్చే తీగ పరిచి, వేడి మారకుండా థర్మోస్టాట్ బిగించాడు. తడిపిన కొబ్బరిపొట్టు నింపిన డబ్బాలో గుడ్లు పేర్చి, అవి దొర్లిపోతే తెలియాలని పైవైపున పెన్సిలుతో గుర్తులు పెట్టాడు. తడి ఆరకుండా చూసే పని అత్తది. ఏళ్ళ తరబడి పట్టుపురుగులు మేపిన మనిషి. ఆ పెట్టె ముందు కూర్చుంటే ఆమె ముఖం విచ్చుకునేది. తల్లీకొడుకులు మూత తీసి చూసి, గుసగుసగా ఏదో అనుకుని, మెల్లగా మూసేవాళ్ళు. ఇంట్లో పసికందు నిద్రపోతున్నట్టు.

ఒక మధ్యాహ్నం ఆయన డ్యూటీకి పోయాడు, అత్త కూరగాయలకు వెళ్ళింది. నేను లేచి థర్మోస్టాట్ బటన్ నొక్కాను. ఇరవై ఎనిమిది ఉన్న అంకె పెరుగుతూ పోయింది. నలభై దాటాక వేలు తీశాను. సాయంత్రం, అత్త మూత తీయకముందే, ఆయన రాకముందే, మళ్ళీ తగ్గించాను.

ఎవరి మీద కోపం? ఆ గుడ్లు నన్నేం చేశాయి? నా బిడ్డ నిలవని ఇంట్లో వాటికంత వెచ్చదనం ఎందుకనిపించిందా? ఏమీ తోచక చేశానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. తెలిసే నొక్కాను.

వారం తిరిగేసరికి గుడ్లు కుంగిపోయి, పచ్చబడి, బూజు పట్టాయి.

"ఇంత తడి ఏల పెట్టినావు మా?" అన్నాడాయన అత్తతో. గట్టిగా కూడా అనలేదు.

అత్త డబ్బా వైపే చూస్తూ, "నేనే నీళ్ళు జాస్తి చల్లినానప్పా. నాగప్ప సామి బిడ్డల్ని చంపుకుంటిని," అంది.

నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

మరుసటేడు కూతురు పుట్టింది. అత్త వచ్చి వండిపెట్టింది, గుడ్డలుతికింది. బిడ్డను మాత్రం ముట్టుకోలేదు. నీళ్ళు పోయమంటే చేతులు కొంగులో దాచుకుంది.

"నా చేతులొద్దమ్మా. ఆ దోసం పసిదానికి తగిలితే ఏం చేసేది? మీ అమ్మను పిలిపించుకో."

దోషాలను నేను నమ్మను. ఆమె నమ్మింది. అప్పుడైనా నేను ఒక్క మాట చెప్పి ఉంటే, నా కూతురు ఆమె కాళ్ళ మీద పడుకుని నీళ్ళు పోయించుకునేది. ఆయన ముఖం ఎలా మారిపోతుందో అని భయపడ్డాను. ఆ భయంతోనే ఏళ్ళు గడిపాను. నడక వచ్చాక బిడ్డ "అవ్వా" అంటూ మీదికి పోతే, ఆమె నవ్వుతూనే వెనక్కి జరిగేది.

పోయిన వానాకాలం అత్త చనిపోయింది.

నిన్న పొద్దున, ఆయన కంపెనీ బస్సుకు బయలుదేరుతుంటే, చెప్పేశాను. బస్సు వెళ్ళిపోయింది. ఆయన మెట్టు మీద కూర్చుని, "మా అమ్మ ఉండంగా ఏల చెప్పలేదు?" అన్నాడు.

అప్పటి నుంచీ ఆయన నాతో మాట్లాడలేదు. మాట్లాడతాడో లేదో తెలియదు. అయినా ఊపిరి కాస్త ఆడుతోంది. నిన్నటి దాకా మా ఇంట్లో ఆ గుడ్లను చంపింది మా అత్త. ఇప్పుడు నేను.