మూడు చిన్న దమ్ములు, ఒక పెద్ద దమ్ము

దయ్యాల సంగతి చెప్పేవాళ్లను నేను ఎప్పుడూ రెండే ప్రశ్నలు అడిగేవాడిని. అప్పుడు టైమెంత? నీ పక్కన ఎవరున్నారు? రెండింటికీ తడుముకోకుండా జవాబు చెప్పినవాళ్లు నాకు తగల్లేదు. అందుకే దేన్నీ నమ్మలేదు. ఇప్పుడు నాకే ఒకటి జరిగింది కాబట్టి ఆ రెండు జవాబులూ ముందు పెట్టుకునే రాస్తున్నాను. నమ్మమని మాత్రం ఎవరినీ అడగను.

నా పేరు మునిరత్నం. ఉండేది తిరుపతిలో. రేణిగుంట దగ్గర సెల్‌ఫోన్ ఛార్జర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో, టెస్టింగ్ సెక్షన్‌లో పనిచేస్తాను. ఛార్జర్ ఎంత వేడెక్కుతోంది, ఎన్ని గంటలు తట్టుకుంటోంది అని చూసి రాయడమే నా పని.

మస్తాన్ అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్ మనిషి. పాకాల వైపు ఊరు. మేమిద్దరం ఒకే నెలలో చేరాం. ఉదయం పది నలభైకి ఒకసారి, మధ్యాహ్నం మూడున్నరకు ఒకసారి టీకి వదిలితే ఇద్దరం గేటు బయట టీ బంకు దగ్గర నిలబడేవాళ్లం. ఒక్క సిగరెట్ వెలిగించేవాళ్లం. సగం నేను కాల్చి చేయి చాచేవాడిని. అతను తీసుకుని మూడు చిన్న దమ్ములు గబగబా లాగి, ఆగి, కళ్లు మూసుకుని ఒక పెద్ద దమ్ము పీల్చేవాడు. పదిహేడేళ్లూ అదే వరస.

ఒక విషయం దాచకూడదు. చేరినప్పుడు మస్తాన్‌కు అలవాటు లేదు. మొదటి సిగరెట్ అతని చేతికిచ్చింది నేనే.

పోయిన ఏడాది వానలు మొదలైనప్పటి నుంచి అతనికి దగ్గు పట్టుకుంది. మెట్లెక్కితే ఆయాసం. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయని డాక్టరు చెప్పాడు. మస్తాన్ ఆ రోజే మానేశాడు, ఉద్యోగానికి రావడం కూడా మానేశాడు. నాకు భయం వేసింది. మానలేకపోయాను.

అప్పుడే కువైట్‌లో డ్రైవర్‌గా ఉన్న మా బావమరిది సెలవుకు వచ్చి నాకొక వేప్, అదే బ్యాటరీతో పనిచేసే సిగరెట్, ఇచ్చాడు. మన దేశంలో వీటిని అమ్మకూడదని, తేకూడదని నాకు తెలుసు. వద్దనలేదు. అది నా తప్పే.

అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. మామిడిపండు వాసన. వేల దమ్ములు వస్తుందట. ఛార్జింగ్ అయిపోతే మళ్లీ పెట్టుకోవచ్చు, లోపలి ద్రవం అయిపోతే మాత్రం పారేయాల్సిందే. ముందువైపు చిన్న తెర ఉంది. బ్యాటరీ ఎంత, ద్రవం ఎంత, ఇప్పటిదాకా ఎన్ని దమ్ములు లాగాం, మూడూ అందులో కనిపిస్తాయి. బటన్ లేదు. పీలిస్తే దానంతట అదే పనిచేస్తుంది, పీల్చినంతసేపు అడుగున నీలం లైటు వెలుగుతుంది.

వృత్తిబుద్ధి పోనిచ్చుకోలేదు. ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. దమ్ము లాగినప్పుడల్లా ఒక గీత. పొద్దున తెర మీద అంకె, రాత్రి తెర మీద అంకె. సిగరెట్ కంటే ఇది మేలా కాదా అని తేల్చుకోవాలని.

పది రోజుల్లో తేలింది. బ్యాటరీ మంచిది, గొంతు మండదు, బట్టలు కంపు కొట్టవు. కానీ సిగరెట్ చేతిలోనే కాలి అయిపోతుంది, అయిపోయిందని తెలుస్తుంది. దీనికి ముగింపు లేదు. స్నానానికి వెళ్తూ రెండు, బయల్దేరేముందు మూడు. తగ్గుతుందనుకున్న అలవాటు నా పుస్తకంలోనే పెరుగుతూ కనిపించింది.

పదకొండో రోజు గురువారం. గీతలు లెక్కపెడితే ఒక అంకె, తెర మీద దానికంటే ఎనిమిది ఎక్కువ. గీత గీయడం మరిచిపోయాననుకున్నాను. శుక్రవారమూ ఎనిమిది ఎక్కువ. శనివారం కూడా.

పగలు దాన్ని ఇంట్లో బీరువాలో పెట్టి వెళ్లేవాడిని. తాళంచెవి ఎక్కడ ఉంటుందో ఇంట్లో అందరికీ తెలుసు. ఇంటర్ చదివే మా అమ్మాయి హారికకు అప్పుడు పరీక్షల సెలవులు. నా బుర్ర అటే పోయింది. ఆదివారం పిల్లను పిలిచి నోటికొచ్చినట్టు అడిగేశాను.

పిల్ల ఏడవలేదు. నా మొహంలోకి చూసి, "నాయనా, దాన్ని ఇంట్లోకి తెచ్చింది నేనా?" అంది.

నా భార్య లలిత పిల్లను లోపలికి తీసుకెళ్లి తలుపు వేసుకుంది.

సోమవారం దాన్ని ఫ్యాక్టరీకి తీసుకెళ్లి నా లాకర్లో పెట్టాను. తాళంచెవి ఒక్కటే, అది నా మొలతాడుకు కట్టుకున్నాను. ఆ రోజు ఒక్క దమ్ము కూడా లాగలేదు. సాయంత్రం తీసి చూస్తే ఎనిమిది పెరిగింది.

హారిక చేయలేదని తేలినందుకు కలిగిన సంతోషం, మెట్లు దిగేలోపే పోయింది.

మా సెక్షన్ ఇన్‌చార్జి సుజాత మేడమ్. యాభై దాటిన మనిషి, అబద్ధం చెప్పదు, పనికిరాని మాట వినదు. ఆమెకు చూపించాను. ముందు బాగా తిట్టింది. తర్వాత విషయం విని తేలిగ్గా తీసిపారేసింది.

"ఇందులో గాలి కదిలితే పట్టుకునే సెన్సారు ఉంటాది రత్నం. తేమ చేరితే దానంతట అదే ఆన్ అయితాది. ఇంతదానికి దయ్యం పట్టినోడి మాదిరి నిలబడినావే!"

నాకూ అదే నిజమనిపించింది. ఇద్దరం కలిసి సరిగ్గా పరీక్ష పెట్టాం. గాలి పోయే రంధ్రాలన్నీ రబ్బరు బిరడాలతో మూశాం. తేమను పీల్చేసే పొట్లాలు అడుగున వేసిన గాజు సీసాలో పెట్టి, మూత బిగించి, పైన టేపు చుట్టి, టేపు మీద మేడమ్ సంతకం చేసింది. సీసాను ఆమె బల్ల మీదే పెట్టాం. మంగళవారం ఉదయం తొమ్మిదింటికి తెర మీద అంకె ఇద్దరం రాసుకున్నాం.

పది నలభైకి టీ బెల్లు కొట్టింది. నేను బయటికి వెళ్లలేదు. మేడమ్ ఏదో కాగితం చూసుకుంటోంది. నేను సీసానే చూస్తున్నాను.

నీలం లైటు వెలిగి ఆరింది. మళ్లీ వెలిగి ఆరింది. మళ్లీ. మూడూ చిన్నవి. కాసేపు ఏమీ లేదు. తర్వాత నాలుగోసారి వెలిగి, చాలాసేపు అలాగే ఉండి, మెల్లగా ఆరింది.

సీసా లోపల పొగ లేదు. తెర మీద నాలుగు పెరిగింది.

మేడమ్ అప్పటికి తలెత్తింది. చివరి లైటు ఆమె కూడా చూసింది. "ఏందిది?" అంది. ఆ వరస ఎవరిదో ఆమెకు తెలియదు. నాకు తెలుసు.

నోట్‌బుక్ వెనక్కి తిప్పాను. మొదటిసారి ఎనిమిది ఎక్కువ వచ్చిన గురువారం, మస్తాన్‌ను తిరుపతిలో ఆసుపత్రిలో చేర్పించిన రోజు. అంతవరకు నేను అతన్ని చూడటానికి వెళ్లలేదు. వెళ్లలేదంటే, వెళ్లడానికి మొహం చెల్లలేదు.

ఆ రోజే మూడింటికి పర్మిషన్ పెట్టి బయల్దేరి, నాలుగింటికల్లా ఆసుపత్రికి చేరాను. వార్డు బయట బెంచీ మీద అతని భార్య నూర్జహాన్ కూర్చుని ఉంది. ఎలా ఉన్నాడని అడిగితే మందుల చీటీ వెనకవైపు తిప్పి చూపించింది. వేలికి పెట్టే క్లిప్పులో ఆక్సిజన్ అంకె తగ్గినప్పుడల్లా టైము రాసి పెట్టమని నర్సు చెప్పిందట.

"రోజూ ఇదే టైముకేన్నా. పొద్దున పదీ నలభై, మళ్లా మూడున్నర. మిగతా టైమంతా బాగుంటాడు. ఎందుకో డాక్టరుకీ తెలీలేదంట. నాకు బయంగా ఉండాది."

నా జేబులో నోట్‌బుక్ ఉంది. బయటికి తీయలేదు. ఆమెకు ఏమని చెప్పాలి?

మస్తాన్ దిండ్లకు ఆనుకుని పడుకున్నాడు. ముక్కుకు గొట్టం. బుగ్గలు లోపలికి పోయాయి. నన్ను చూసి నవ్వాడు.

"ఇప్పుడొచ్చినావా అబ్బా. నేను రోజూ నీ కాడికి వస్తానే ఉండా."

"యాడికి?" అన్నాను.

"బంకు కాడికి. ఈడ పండుకోని కండ్లు మూస్తే సాలు, ఆడ ఉంటా. నువ్వు సెయ్యి సాపతావు. మామిడిపండు వాసన వస్తాది, అదేం సిగరెట్టో. నాలుగు దమ్ములు పీల్చుకోని ఎనక్కి తిరుక్కుంటా. తిరుక్కునేటప్పుడే ఊపిరాడదు."

మామిడిపండు అన్నాడు. నా దగ్గర అలాంటిది ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు. నూర్జహాన్‌కు తెలియదు. మా బావమరిది అతన్ని చూడనే లేదు.

నేను అతని చేయి పట్టుకున్నాను. "ఇంక రావద్దప్పా మస్తానూ."

"నువ్వు సెయ్యి సాపకుంటే నేనెందుకొస్తా?" అన్నాడు. వేళాకోళంగానే అన్నాడు. నేను మాత్రం బయటికొచ్చి బండి దగ్గర చాలాసేపు నిలబడిపోయాను.

ఆ రాత్రంతా ఒకటే ఆలోచన. ఆ వస్తువును పగలగొట్టేస్తే అతనికి మేలా? లేక అతన్ని ఇక్కడ పట్టి ఉంచుతున్నది అదొక్కటేనా? తీసేశాక ఆ పది నలభైకి అతను తిరిగి రాకపోతే? పదిహేడేళ్ల కిందట చేయి చాచినప్పుడు రెండోసారి ఆలోచించనివాణ్ణి, ఇప్పుడు వెనక్కి తీసుకోవడానికి వణికిపోయాను. తెల్లవారుజామున లలితను లేపి అంతా చెప్పాను. ఆమె అడ్డు రాకుండా విని ఒకటే అంది: "నువ్వు ముందు మానేయ్. ఆ తర్వాత ఏం జరిగినా, ఇంకో దమ్ము ఇచ్చినవాడివి మాత్రం కావు."

బుధవారం ఎనిమిదిన్నరకు సుజాత మేడమ్ సీసా మూత తీసింది. టేపు, సంతకం చెదరలేదు. మధ్యాహ్నం మూడున్నర తాలూకు నాలుగు కూడా తెర మీద పెరిగి ఉన్నాయి. ఆమె చేతులకు తొడుగులు వేసుకుని దాన్ని విప్పింది. బ్యాటరీ తీగ కత్తిరించింది. తెర ఆరిపోయింది. ముక్కలను పాడైన బ్యాటరీలు వేసే ఇసుక డబ్బాలో వేసింది. నేను సెలవు రాసిచ్చి బండెక్కాను.

పది ఇరవై అయిదుకు వార్డులో ఉన్నాను. నూర్జహాన్ మంచానికి అటువైపు, నేను ఇటువైపు. మస్తాన్ కళ్లు మూసుకుని ఉన్నాడు. క్లిప్పు మీద అంకె తొంభై మూడు. నేను నా ఫోన్లో టైము, ఆ అంకె, రెండూ మార్చి మార్చి చూస్తున్నాను.

పది నలభై. తొంభై రెండు. తొంభై ఒకటి. నూర్జహాన్ పెదాలు కదులుతున్నాయి, దువా చదువుతోంది. తొంభై. నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. నేనే చంపేశాను అనుకున్నాను. నర్సును పిలవడానికి లేచాను కూడా.

తొంభై దగ్గరే ఆగింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. తర్వాత తొంభై ఒకటి. తొంభై మూడు.

మస్తాన్ కళ్లు తెరిచి నావైపు చూశాడు. చిన్నబుచ్చుకున్నట్టు ఉంది మొహం.

"ఈ పొద్దు ఆడ ఎవురూ లేరబ్బా," అన్నాడు.

ఆ మధ్యాహ్నం మూడున్నరకు అంకె అసలు తగ్గలేదు. మర్నాడూ తగ్గలేదు. నూర్జహాన్ చీటీలో ఆ తర్వాత ఏ టైమూ లేదు. మూడు వారాలకు ఇంటికి పంపించారు. కొత్త మందు పనిచేసిందని డాక్టరు చెప్పాడు. ఆయన మాట నేను కాదనను. ఊపిరితిత్తుల గురించి నాకేం తెలుసు?

నాకు తెలిసినది అంకెలు చూసి రాయడం. సంతకం చేసిన టేపు కింద, గాలి కదలని చోట ఆ అంకె ఎందుకు పెరిగిందో నాకు తెలియదు. సుజాత మేడమ్‌కూ తెలియదు. ఆమె ఆ రోజు రాసుకున్న కాగితం ఇప్పటికీ దాచి ఉంచింది, కానీ దాని గురించి ఎత్తితే మాట మార్చేస్తుంది. నేను మానేసి ఏడు నెలలైంది. పట్టుదలతో మానలేదు, భయంతో మానాను. హారికకు క్షమాపణ చెప్పాను.

మస్తాన్‌కు మాత్రం ఇందులో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. వాకిట్లో నాలుగడుగులు వేస్తున్నాడు, పేపరు చదువుతాడు. ఇది అచ్చయి అతని కంట పడితే ఫోన్ చేసి నన్ను పట్టపగలే కడిగేస్తాడు. తిట్టనీ. మధ్యలో ఆయాసంతో ఆగకుండా ఎంతసేపు తిడతాడో ఫోన్ పట్టుకుని వింటాను.